పైసలు పెట్టి కొనే పాట: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం. సినిమా పాటలు కాకుండ, సొంతంగ పాటలు చేసి వదిలేటోళ్లవి కొందామని రెండు నెలలు జమ చేస్తే వెయ్యి రూపాయలైనయ్. యూట్యూబ్‌ల ఫ్రీగ దొరికేదానికి పైసలెందుకని మా దోస్తులు నవ్వుతున్నరు. ఏది కొంటే పైసలు దండుగ గావు?
(విద్యార్థిని, హన్మకొండ)

జవాబు: ముందు మీ దోస్తులకు ఒక లెక్క వినిపించండి. స్పాటిఫైలో 2024 నుంచి ఒక నిబంధన నడుస్తోంది. గడిచిన పన్నెండు నెలల్లో ఒక పాటకు కనీసం 1000 ప్లేలు రాకపోతే దానికి రాయల్టీ ఉండదు. తొమ్మిది వందల సార్లు విన్నా పాడినవాళ్ల చేతికొచ్చేది సున్నా. పాటలు చేసేవాళ్లు తమవి తామే అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైటులో డిజిటల్ ఆల్బమ్ కొంటే సైటు 15 శాతం పట్టుకుంటుంది. చెల్లింపు రుసుములు కూడా పోను సగటున 82 శాతం అమ్మినవాళ్లకు చేరుతుందని ఆ సంస్థే చెబుతోంది. అంటే 7 డాలర్ల ఆల్బమ్ మీద 5 డాలర్ల 70 సెంట్ల పైమాట. మీరొక్కరు కొన్నది వెయ్యిమంది ఊరికే విన్నదానికన్నా వాళ్లకు ఎక్కువ పనికొస్తుంది.

ఇక ఏది కొనాలి? పాట బాగుందా లేదా అన్నది మీ చెవి చెబుతుంది, అందులో మేం వేలు పెట్టం. కొనదగ్గ తయారీనా కాదా అన్నది మాత్రం ముందే పట్టుకోవచ్చు. ఫోన్ స్పీకర్‌లో విని ఎప్పుడూ తేల్చుకోకండి. ఆ చిన్న స్పీకర్‌కు డోలు అడుగు దరువు అందదు, పై చప్పుడు మాత్రమే పలుకుతుంది. వైరున్న ఇయర్‌ఫోన్ పెట్టుకోండి, రెండు మూడు వందల రూపాయలదైనా చాలు. ఆల్బమ్‌లో మొదటి పాట వదిలేయండి, అందరూ తమ మంచి సరుకు అక్కడే పెడతారు. మూడోదీ, చివరిదానికి ముందుదీ పూర్తిగా వినండి. ఆ రెండూ నిలబడితే ఆల్బమ్ నిలబడ్డట్టే.

జానపదం కొనేటప్పుడు డప్పు మీద చెవి పెట్టండి. మనిషి కొట్టిన డప్పులో సిర్ర (లావు కర్ర) దెబ్బ ఒక తీరుగా, సిటికెన పుల్ల (సన్న పుల్ల) దెబ్బ ఒక తీరుగా పడుతుంది, ఏ రెండు దెబ్బలూ అచ్చంగా ఒక్కలాగే ఉండవు. మంట మీద కాచిన డప్పు పాట మొదట్లో గణగణమంటుంది, చల్లారేకొద్దీ శ్రుతి దిగుతుంది. ఆ దిగడం వినబడిందంటే ఎవరో నిజంగా కూర్చుని కొట్టారన్నమాట. కీబోర్డు లూప్ అయితే ప్రతి నాలుగో దెబ్బా అచ్చు గుద్దినట్టు ఉంటుంది. లూప్ వాడితే తప్పేం కాదు, పెండ్లి బరాత్‌కు అదే కావాలి. కానీ దాన్ని ఫైలుగా కొని దాచుకోవాల్సిన పనిలేదు, యూట్యూబ్ చాలు.

రెండో గుర్తు పేర్లు. పేజీలో పాటల పట్టిక కింద, లేదా వీడియో కింది వివరాల్లో, రాసినవాళ్లు, పాడినవాళ్లే కాదు, డోలు ఎవరు కొట్టారు, ఎక్కడ రికార్డు చేశారు, ఎవరు మిక్స్ చేశారు అన్నది ఉందా చూడండి. వాద్యగాళ్ల పేర్లు రాసేవాళ్లు సాధారణంగా వాళ్లకు డబ్బులూ ఇస్తారు. "మ్యూజిక్" అని ఒక్క పేరు వేసి ఊరుకుంటే కొనేముందు ఒక మెసేజ్ పెట్టి అడగండి.

జానపద రికార్డింగుల వైపు మొగ్గుంటే ఢిల్లీకి చెందిన అమర్రస్ రికార్డ్స్ రాజస్థాన్ కళాకారుల మీద చేసిన పని వినండి. గొంతును, సారంగిని ఎంత దగ్గరగా పట్టుకోవచ్చో తెలుస్తుంది. ర్యాప్ అయితే 2017లో ఢిల్లీలో మొదలైన ఆజాదీ రికార్డ్స్‌తో మొదలుపెట్టండి. మన ప్రాంతపు వాద్యాల మాటకొస్తే మా పక్షపాతం దాచుకోం. 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెర, అదే ఏడాది అందుకున్న సకిని రామచంద్రయ్య కోయ డోలి, ఆదిలాబాద్ ప్రధానుల మూడు తంతుల కిక్రి, ఈ తీరు వాద్యాలను వెనక కీబోర్డు కలపకుండా విడిగా రికార్డు చేసి ఎవరు వదిలినా ధర చూడకుండా కొనేయండి. అలాంటివి చాలా అరుదు.

వెయ్యి రూపాయలను ఇలా పంచండి. ఒక పూర్తి ఆల్బమ్‌కు ఆరువందల దాకా. ఒక తెలుగు ప్రైవేట్ ఆల్బమ్ బృందానికి నేరుగా యూపీఐ ద్వారా రెండు వందలు. మిగిలింది బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే దాకా ఆపండి. 2020 మార్చి 20న మొదలైన పద్ధతి ఇది, ప్రకటించిన శుక్రవారాల్లో సైటు తన వాటా వదులుకుంటుంది. ఆ రోజును అమెరికా పశ్చిమ తీరం గడియారం ప్రకారం లెక్కిస్తారు. మనకైతే ఎండాకాలంలో శుక్రవారం మధ్యాహ్నం 12:30కు, చలికాలంలో 1:30కు మొదలై శనివారం అదే వేళకు ముగుస్తుంది. శుక్రవారం పొద్దున్నే లేచి కొంటే సైటు వాటా మామూలుగానే పోతుంది.

ప్రశ్న: సార్, బ్యాండ్‌క్యాంప్‌లో ఒక ఆల్బమ్ కొందామని మూడుసార్లు కార్డు కొట్టిన. మూడుసార్లూ డిక్లైన్. ఖాతాల పైసలున్నయ్. బ్యాంకుకు పోతే "మాకు సంబంధం లేదు" అన్నరు.
(సింగరేణి ఉద్యోగి, మంచిర్యాల)

జవాబు: తొంభై పాళ్లు మీ కార్డులో విదేశీ ఆన్‌లైన్ వాడకం మూసి ఉంది. రిజర్వ్ బ్యాంక్ ఆదేశంతో 2020 మార్చి నుంచి కొత్తగా ఇచ్చే కార్డులు దేశంలోపలి ఏటీఎంలు, దుకాణాలకు మాత్రమే తెరిచి వస్తున్నాయి. మిగతాది మనమే తెరుచుకోవాలి. బ్యాంకు యాప్‌లో కార్డుల పేజీకి వెళ్లి "ఇంటర్నేషనల్ యూసేజ్" కింద "ఆన్‌లైన్" ఒక్కటే ఆన్ చేయండి, ఏటీఎం, స్వైప్ ముట్టుకోకండి. అక్కడే పరిమితి అడుగుతుంది, వెయ్యో రెండు వేలో పెట్టండి. ఐదు నిమిషాలు ఆగి కొనండి. కొన్నాక మళ్ళీ ఆఫ్ చేయండి. విదేశీ సైట్లు చాలావరకు ఓటీపీ అడగవు కాబట్టి ఈ చివరి పని మరవొద్దు.

కార్డు మీద రూపే గుర్తు ఉంటే వేరే కథ. మామూలు రూపే డెబిట్ కార్డు చాలా విదేశీ సైట్లలో చెల్లదు, వీసా గానీ మాస్టర్‌కార్డ్ గానీ కావాలి.

ఖర్చు ఇంకొంచెం పెరుగుతుందని తెలుసుకోండి. చాలా బ్యాంకులు డాలరు మార్పిడి మీద 2 నుంచి 3.5 శాతం, దానిపై 18 శాతం జీఎస్టీ వేస్తాయి. ఆరువందల కొనుగోలు మీద 3.5 శాతం అంటే 21 రూపాయలు, జీఎస్టీ కలిపి 25. మూడు ఆల్బమ్‌లు మూడు రోజుల్లో కొన్నా, ఒకేసారి కొన్నా ఈ శాతం మారదు, తొందరపడి పోగేయకండి.

అన్నీ సరిచేసినా ఇండియా బ్యాండ్ల దగ్గర మాత్రమే చెల్లింపు ఆగుతుంటే కారణం వేరే. పేపాల్ 2021 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలోపలి చెల్లింపులు ఆపేసింది. కొనేవారిదీ అమ్మేవారిదీ రెండూ ఇండియా పేపాల్ ఖాతాలైతే అడ్డు తగులుతుంది. బ్యాండ్‌కు నేరుగా మెసేజ్ పెట్టండి: "యూపీఐ చేస్తాను, డౌన్‌లోడ్ కోడ్ పంపండి." కోడ్ వచ్చాక బ్యాండ్‌క్యాంప్ డాట్ కామ్ స్లాష్ యమ్ (bandcamp.com/yum) అనే పేజీలో కొడితే ఆల్బమ్ మీ ఖాతాలో చేరుతుంది. కమీషన్ లేకుండా మొత్తం వాళ్లకే పోతుంది కనుక, నిజానికి ఇదే మేలైన దారి.

ప్రశ్న: కొన్న ఆల్బమ్ పెన్‌డ్రైవ్‌ల ఏసి కార్‌ల పెడితే "నో ఫైల్" అంటది. ఇంకోటి పెడితే పాటలు ఎన్కా ముందు వస్తున్నయ్, పేర్ల జాగల డబ్బాలు కనబడ్తున్నయ్.
(జగిత్యాల)

జవాబు: మూడు జబ్బులు, మూడు మందులు.

"నో ఫైల్" అన్నది రెండు కారణాలకు వస్తుంది. చాలా కారు స్టీరియోలు ఫ్లాక్ ఫైళ్లు (నాణ్యత పోకుండా కుదించినవి) చదవవు. చాలావాటికి పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉండాలి, 64 జీబీ, 128 జీబీ డ్రైవ్‌లు దుకాణం నుంచే ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తాయి. కాబట్టి 32 జీబీ డ్రైవ్ కొనండి, కంప్యూటర్‌లో కుడి క్లిక్ కొట్టి ఫార్మాట్, ఫ్యాట్32. ఫ్లాక్‌ను మీరే మార్చుకునే శ్రమ వద్దు. బ్యాండ్‌క్యాంప్‌లో కొన్నవాటి పేజీకి మళ్ళీ వెళ్లి డౌన్‌లోడ్ పక్కన ఎంపీ3 320 ఎంచుకోండి, ఒకసారి కొన్నది ఏ ఫార్మాట్‌లోనైనా మళ్ళీ దించుకోవచ్చు. ఎంపీ3 320 నిమిషానికి 2.4 ఎంబీ, నలభై నిమిషాల ఆల్బమ్ 96 ఎంబీ. ఆ లెక్కన 32 జీబీలో మూడు వందల ఆల్బమ్‌లకు పైనే. ఒక మాట: ఫోన్ యాప్‌లో "డౌన్‌లోడ్" కొట్టింది ఆ యాప్‌లోనే మోగుతుంది, ఫైలు చేతికి రాదు. ఫైలు కావాలంటే బ్రౌజర్‌లో తెరవాలి. ఆల్బమ్ జిప్‌గా వస్తుంది, దాన్ని విప్పాకే పెన్‌డ్రైవ్‌లో వేయాలి. జిప్‌ను అలాగే వేసి స్టీరియోను తిడితే అదేం చేస్తుంది?

వరుస తప్పడానికి కారణం, చాలా స్టీరియోలు పేరును చూడవు, ఏ ఫైలు ముందు ఎక్కిందో ఆ వరుసలో వాయిస్తాయి. ఫోన్ నుంచి ఓటీజీతో వేస్తే ఆ వరుస గజిబిజి అవుతుంది. ఫైల్ పేర్ల ముందు 01, 02 ఉండేలా చూసుకుని, ఖాళీ చేసిన డ్రైవ్‌లో ఒక్కో ఫోల్డర్ కంప్యూటర్ నుంచి ఎక్కించండి.

డబ్బాలు కనబడటమంటే ఆ స్టీరియోలో తెలుగు అక్షరాలు లేవు. ఎంపీ3ట్యాగ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో పాట పేరు, గాయకుల పేరు ఇంగ్లీషు అక్షరాల్లో మార్చి, ట్యాగ్ వెర్షన్ ఐడీ3 2.3గా పెట్టి సేవ్ చేయండి, పాత స్టీరియోలు 2.4ను సరిగా చదవవు. అసలు ఫైళ్లు కంప్యూటర్‌లో తెలుగు పేర్లతోనే ఉంచుకోండి, కారుకు వేరే కాపీ.

ప్రశ్న: ఒకరి దగ్గర ఫ్లాక్ అని 300 పెట్టి కొన్నాను. యూట్యూబ్‌లో విన్నట్టే ఉంది. మోసపోయానా?
(కరీంనగర్)

జవాబు: ఐదు నిమిషాల్లో తేలుతుంది. స్పెక్ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్‌లో ఫైలును లాగి వదలండి. నల్లటి తెర మీద కిందినుంచి పైకి రంగులు పరుచుకుంటాయి. ఎడమవైపు కిలోహెర్ట్జ్ గీతలు ఉంటాయి. సీడీ నాణ్యత ఫైలులో రంగు 22 దాకా పోగలదు. 16 దగ్గర కత్తితో కోసినట్టు అడ్డంగా ఆగిపోయిందంటే అది 128 ఎంపీ3నో, అలాంటి నాణ్యతదో ఫ్లాక్ సంచిలో వేసి ఇచ్చారు. 20 దగ్గర కోత ఉంటే 320 ఎంపీ3 నుంచి వచ్చి ఉండొచ్చు. కోత వేరు, వాడిపోవడం వేరు. ఒక గొంతు, ఒక డోలు మాత్రమే ఉన్న రికార్డింగ్‌లో రంగు 14, 15 దాటాక మెల్లగా పలుచబడిపోతే అది సహజం. పాత క్యాసెట్ నుంచి ఎక్కించినవీ అంతే. గీత గీసినట్టు ఆగితేనే అనుమానించండి.

అమ్మినవారికి ఆ బొమ్మ పంపి అడగండి. చాలాసార్లు మోసం కాదు, మిక్స్ చేసిన స్టూడియోవాళ్లు వాట్సాప్‌లో పంపిన ఎంపీ3నే వీళ్లు మళ్ళీ ఫ్లాక్ చేసి పెట్టుకుని ఉంటారు. ఏమాత్రం కుదించని అసలు ఫైలు, అంటే వేవ్ ఫైలు, స్టూడియో కంప్యూటర్‌లో పడి ఉంటుంది.

ఇదే సందులో 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ అని ఎక్కువ ధరకు పెట్టినవాటి గురించి. ఫైలు మూడింతలవుతుంది, చెవికి తేడా రాదు. ఆ డబ్బుతో ఇంకో ఆల్బమ్ కొనండి.

ప్రశ్న: ఐనవోలు జాతరల ఒగ్గుకథ పాటలు చిప్పుల ఎక్కించి యాభై రూపాయలకు ఇస్తరు. అది కొంటే ఒగ్గోళ్లకు ఏమన్న అందుతదా? లేకపోతే వాళ్ల తాన్నే కొనే దారి ఏది?
(వర్ధన్నపేట)

జవాబు: అందదు. చిప్పులో పాటలెక్కించే బండి దగ్గర ఉన్నది ఎవరెవరి దగ్గరినుంచో కాపీ అయిన ఎంపీ3లే. చాలావాటికి బృందం పేరు కూడా ఉండదు, "మల్లన్న న్యూ 7" అని ఉంటుంది.

నేరుగా కొనడం మీరనుకున్నంత కష్టం కాదు. ఐనవోలు జాతర సంక్రాంతి నుంచి ఉగాది దాకా సాగుతుంది, పట్నాలు (మల్లన్న పేరిట వేసే ముగ్గులు) వేసే రోజుల్లో బృందాలన్నీ అక్కడే ఉంటాయి. కథ నడుస్తున్నప్పుడు కాదు, పట్నం అయ్యాక డోలు దించినప్పుడు వెళ్లి ప్రధాన కథకుణ్ణి అడగండి: "మీరు సొంతంగ రికార్డు చేయించింది ఏమన్న ఉందా?" చాలా బృందాల్లో కుర్రవాళ్లు స్టూడియోకు పోయి చేయించినవి ఉంటున్నాయి. ఉంటే అడగాల్సింది వేవ్ ఫైలు. అది నిమిషానికి 10 ఎంబీ, గంట కథ 600 ఎంబీ. వాట్సాప్‌లో మామూలు ఆడియోగా పంపొద్దనండి. డాక్యుమెంట్‌గా గానీ, డ్రైవ్ లింకుగా గానీ పంపాలి, లేదా మీ పెన్‌డ్రైవ్ ఇచ్చి ఎక్కించుకోండి. ధర వాళ్లనే చెప్పనివ్వండి. డబ్బు పంపేముందు యూపీఐలో కనబడే పేరు చదివి, ఆ పేరు ఎవరిదని అడగండి. పక్కన నిలబడ్డవాడి ఫోన్‌కు పోయిన డబ్బు డోలు కొట్టినవాడికి చేరుతుందన్న నమ్మకం లేదు.

కొనేముందు రెండు నిమిషాలు విని చూడండి. ఫోన్‌తో తీసినదైతే ఒక లక్షణం దొరుకుతుంది. డోలు దెబ్బ పడగానే కథకుడి గొంతు మునుగుతుంది, అర సెకనులో మళ్ళీ పైకి తేలుతుంది, మళ్ళీ దెబ్బ, మళ్ళీ మునక. గట్టి శబ్దం రాగానే ఫోన్ తనంతట తాను వాల్యూమ్ తగ్గించుకోవడం వల్ల వచ్చేది ఇది, తర్వాత ఎవరూ బాగుచేయలేరు. దెబ్బ దగ్గర "పట్" మని పగిలితే మైకుకు మోయలేనంత శబ్దం పోయింది, అదీ అంతే. అలాంటిది దొరికితే ఫైలు కొనకండి, కానుకగా డబ్బివ్వండి. ఇంకో దారి ఉంది. నలుగురైదుగురు పాఠకులు కలిసి ఒక బృందానికి స్టూడియోలో రెండు గంటల ఖర్చు ముందే ఇవ్వండి. డోలుకు ఒక మైకు మూడడుగుల దూరంలో, గొంతుకు ఒక మైకు జానెడు దూరంలో, తాళాలు, ఒగ్గు (చిన్న డమరుకం) కాస్త వెనక్కి, ఒకే గదిలో అందరూ కలిసి. విడివిడిగా ట్రాకులు చేయించకండి. కథకుడు ఆగిన చోట వంత అందుకునేవాడు అతని మొహం చూసి అందుకుంటాడు, హెడ్‌ఫోన్ పెట్టి వేరే గదిలో కూర్చోబెడితే ఆ అందుకోవడం పోతుంది.

ప్రశ్న: మొదటిసారి ఒక బ్యాండు ఎల్‌పీ రికార్డు తెప్పించాను. మే నెలలో వచ్చింది. తిప్పితే సూది పైకీ కిందికీ ఊగుతోంది. వాపస్ పంపాలా?
(గోదావరిఖని)

జవాబు: ఊగడం కాదు, వినబడటం ముఖ్యం. సూది కొంచెం లేచి దిగుతున్నా పాట శ్రుతి ఊగకుండా, సూది గాడి తప్పకుండా ఉంటే ఉంచుకోండి. శ్రుతి ఊగుతున్నా, సూది దూకుతున్నా పక్కనుంచి వీడియో తీసి అదే రోజు అమ్మినవారికి పంపండి. వారం తర్వాత పంపితే మీ ఇంట్లోనే వంగిందంటారు.

మేలో గోదావరిఖనిలో నీడలోనే 44, 45 డిగ్రీలుంటుంది. ఎండలో నిలబెట్టిన కొరియర్ వ్యాను లోపల 60 దాటొచ్చు, ఎల్‌పీ చేసే పీవీసీ ఆ వేడికి మెత్తబడటం మొదలవుతుంది. అందుకే రికార్డులు నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య తెప్పించండి, చిరునామాగా పగలు మనుషులుండే ఆఫీసు ఇవ్వండి. ఇంట్లో పుస్తకాల్లా నిలువుగా పెట్టాలి, ఒకదానిమీద ఒకటి పేర్చొద్దు. వంగినదాన్ని ఇస్త్రీ పెట్టెతో సరిచేసే వీడియోలు చూసి పాడుచేసుకోకండి. రెండు మందపాటి అద్దాల మధ్య పెట్టి మీద బరువుంచి గది వేడిలో నెలరోజులు వదిలితే స్వల్ప వంపు కాస్త తగ్గుతుంది, అంతకుమించి ఆశపడొద్దు.

ప్రతి వైపూ చివరి పాట కాస్త బొంగురుగా ఉంటే అది వంపు కాదు. రికార్డు నిమిషానికి 33⅓ చుట్లే తిరుగుతుంది గానీ, బయటి అంచులో సూది కింద సెకనుకు 50 సెంటీమీటర్ల గాడి పోతే, లోపలి అంచులో 21 సెంటీమీటర్లే పోతుంది. అదే పాట సగంకన్నా తక్కువ జాగాలో ఇరుక్కుంటుంది. అందుకే కొనేముందు ఒక్కో వైపు ఎన్ని నిమిషాలో చూడండి. 22 దాటితే శబ్దం తగ్గించి గాడి కోసి ఉంటారు, లోపలి పాటలు ఇంకా నలుగుతాయి. మీ ప్లేయర్ సూట్‌కేసు రకమా? వాటి సూది ఐదారు గ్రాముల బరువుతో గాడిని తొక్కుతుంది, మంచి సూదికి రెండు గ్రాములు చాలు. అలాంటి దానిమీదైతే ఎల్‌పీ కొనకండి, ఆ డబ్బుకు ఫైళ్లే కొనండి.

ప్రశ్న: కొన్న ఆల్బమ్ మా టిఫిన్ సెంటర్‌లో పెట్టొచ్చా? మా తమ్ముని పెండ్లిల?
(కాజీపేట)

జవాబు: పెండ్లిలో పెట్టుకోండి. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(జెడ్ఏ) పెండ్లి ఊరేగింపును, పెండ్లికి సంబంధించిన ఇతర వేడుకలను మినహాయించింది.

టిఫిన్ సెంటర్ అలా కాదు. కొన్నది ఇంట్లో వినడానికే, గిరాకీల ముందు పెట్టాలంటే రచన, బాణీలకు ఒక అనుమతి, రికార్డింగ్‌కు ఒక అనుమతి విడిగా కావాలి. సొంతంగా పాటలు చేసుకునేవాళ్ల దగ్గర ఒక సౌకర్యం ఉంది, మూడూ వాళ్లవే అయితే ఒక ఈమెయిల్‌తో అనుమతి ఇచ్చేయగలరు. ముందు "ఐపీఆర్‌ఎస్‌లో (పాటలు రాసేవాళ్ల, బాణీలు కట్టేవాళ్ల హక్కుల సంఘం) సభ్యులా?" అని అడగండి. సభ్యులైతే రచన, బాణీల అనుమతి వాళ్ల చేతిలో ఉండదు, ఆ సంఘం దగ్గరే తీసుకోవాలి. కాకపోతే ఏ ఆల్బమ్, ఏ చిరునామాలో, ఎంతకాలం అన్నది రాయించుకుని ఒక ప్రింటు గల్లా పెట్టె దగ్గర ఉంచండి.